ఇల్లు ఇక్కడ, ఓటు అక్కడ

2024 మే 12, ఆదివారం సాయంత్రానికి ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దును ఆనుకొని ఉన్న పర్లాకిమిడిలోని మా వీధిలో పదకొండు ఇళ్ళకు తాళాలు పడ్డాయి. వాటిలో తొమ్మిది తెలుగువాళ్ళ ఇళ్ళు. మరునాడు పోలింగు కాబట్టి పాతపట్నం, టెక్కలి, నరసన్నపేట వైపు పల్లెల్లో ఓటున్నవాళ్ళందరూ పిల్లలకు రెండు జతల బట్టలు సంచుల్లో కుక్కుకొని, దొరికిన ఆటోలో, దొరికిన బస్సులో సరిహద్దు దాటి సొంత ఊళ్ళకు వెళ్ళిపోయారు. అదే మే 13న మా బరంపురం లోక్‌సభ స్థానానికీ, దానితోపాటే ఒడిశా శాసనసభకూ ఇక్కడ పోలింగు జరిగింది. వీధి చివరి బడిలో వరుసలో నిలబడినప్పుడు ముందూ వెనకా తెలుగు మాటలు వినబడతాయేమోనని చూశాను. నాతో కలిపి అయిదుగురం ఉన్నాం. వినాయక చవితికి ఇదే వీధిలో పందిరి వేస్తే ఎనభై మందికి తక్కువ కాకుండా తెలుగువాళ్ళం పులిహోర విస్తళ్ళ ముందు కూర్చుంటాం.

నేను ముప్పయ్యొక్క ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని. ఒడియా చదవడం, రాయడం కూడా వచ్చు కాబట్టి చుట్టుపక్కలవాళ్ళ ఫారాలు నింపే పని అడగకుండానే నా అరుగు మీదికి వచ్చి చేరింది. ఫారం నింపేలోగా నా ముందు కూర్చున్నవాళ్ళు అడిగే ప్రశ్నలు ఏళ్ళ తరబడి దాదాపు అవే. "ప్రధానమంత్రికి వేసే ఓటు ఏ మిషను మీద ఉంటాది టీచరమ్మా?" "ఎంపీ ఢిల్లీలో ఉంటాడు గదా, మన గోడు ఆయనకి చెప్పుకుంటే ఏటి లాభం?" "ఇక్కడికి ఓటు మార్చుకుంటే అక్కడి భూమి పోదా?" అడిగినవాళ్ళకు తెలివి తక్కువై అడిగే ప్రశ్నలు కావు ఇవి. మన పార్లమెంటు ఎలా ఏర్పడుతుందో, అందులో మనవాడు అనదగ్గ మనిషి ఏం చేయగలడో ఎవరూ వాళ్ళకు కూర్చోబెట్టి చెప్పలేదు. ఆ ప్రశ్నలకు తెలిసినంత జవాబు ఇక్కడ రాస్తాను. అయితే వాటన్నిటి అడుగున నేను పట్టుబట్టి చెప్పదలచుకున్న మాట ఒకటే ఉంది. ఒడిశాలో కాపురముంటున్న తెలుగువాళ్ళం ఒడిశాలోనే ఓటరుగా నమోదు కావాలి. సొంత ఊరి మీద మమకారాన్ని ఓటరు జాబితాలో దాచుకోవడం వల్ల మనం ఇక్కడ లేనివాళ్ళమవుతున్నాం.

ముందుగా చట్టం సంగతి. ఓటరు జాబితాలను నడిపించేది 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం. ఒక నియోజకవర్గంలో ఓటు ఉండాలంటే మనిషి అక్కడ మామూలుగా నివసిస్తూ ఉండాలని దాని 19వ సెక్షన్ చెబుతుంది. మామూలుగా నివసించడమంటే ఏమిటో చెప్పే 20వ సెక్షన్ మొదటి వాక్యమే మా వీధివాళ్ళ కోసం రాసినట్టుంటుంది: ఒక నియోజకవర్గంలో ఇల్లు సొంతంగా ఉన్నంత మాత్రాన ఆ మనిషిని అక్కడి నివాసిగా భావించకూడదు. తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన నివాసం పోదని కూడా అదే సెక్షన్ చెబుతుంది. కాబట్టి ఆరు నెలలు పని కోసం హైదరాబాదు వెళ్ళి తిరిగివచ్చే కూలీకి సొంత ఊళ్ళో ఓటు నిలిచే ఉంటుంది. కానీ ముప్పయ్యేళ్ళుగా పర్లాకిమిడిలో కాపురముండి, పిల్లలను ఇక్కడే చదివించి, ఇక్కడి రేషను తిని, సంక్రాంతికీ అమ్మవారి పండక్కీ మాత్రమే ఊరి ఇంటి తాళం తీసే మనిషి తాత్కాలికంగా ఊరు విడిచినవాడని ఎవరు అనగలరు?

అదే చట్టంలోని 17, 18 సెక్షన్ల ప్రకారం ఒక మనిషి పేరు రెండు నియోజకవర్గాల్లో గానీ, ఒకే నియోజకవర్గంలో రెండుసార్లు గానీ ఉండకూడదు. ఫారంలో తెలిసి అబద్ధం రాస్తే ఏడాది దాకా జైలుశిక్ష పడవచ్చని 31వ సెక్షన్ చెబుతుంది. 1951 నాటి రెండో ప్రజాప్రాతినిధ్య చట్టం ఇంకొక అడుగు ముందుకు వేసి, ఒకే సభ ఎన్నికలో రెండు నియోజకవర్గాల్లో ఓటు వేసినవాడి ఓట్లు రెండు చోట్లా చెల్లవని తేల్చింది.

ఈ సెక్షన్లను నేను పుస్తకంలో చదివి ఊరుకోలేదు, నా తప్పు వల్ల నేర్చుకున్నాను. 1998లో ఇక్కడ ఓటరుగా పేరు రాయించుకున్నప్పుడు, అత్తవారి ఊళ్ళో ఉన్న పేరు తీయించుకోవాలన్న ఆలోచనే నాకు రాలేదు. 2014లో మాకు ఏప్రిల్ 10న పోలింగు జరిగింది; సరిహద్దుకు అవతల శ్రీకాకుళం స్థానానికి మే 7న జరిగింది. ఇక్కడ ఓటు వేసిన తరువాత ఒక పెళ్ళి కోసం అత్తవారి ఊరు వెళ్ళాను. పోలింగు రోజు పొద్దున్నే మా మరిది నా పేరు రాసి ఉన్న స్లిప్పు తెచ్చి, "వదినా, నీది కూడా వచ్చింది, పద" అన్నాడు. నా ఎడమచేతి చూపుడువేలి గోరు మొదట్లో ఏప్రిల్‌నాటి సిరా సన్నని నల్లని గీతలా ఇంకా కనిపిస్తూనే ఉంది. ఆ గీత వైపు, చేతిలోని స్లిప్పు వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. వెళ్ళలేదు. కానీ పదహారేళ్ళపాటు రెండు జాబితాల్లో నా పేరు ఉంచుకొని పిల్లలకు పౌరనీతి పాఠం చెప్పానన్న బాధ నన్ను వదలలేదు. ఆ వేసవి గడవకముందే అక్కడి పేరు తీసివేయడానికి ఫారం 7 ఇచ్చాను.

ఇక ప్రధానమంత్రి ప్రశ్న. ఒడిశాలో లోక్‌సభకూ శాసనసభకూ ఒకేసారి ఎన్నికలు జరుగుతాయి కాబట్టి గదిలో రెండు మిషన్లు ఉంటాయి. లోక్‌సభ దాని మీద తెల్లకాగితం, శాసనసభ దాని మీద గులాబీ కాగితం అంటించి ఉంటుంది. ఆ రెండింటిలో దేని మీదా ప్రధానమంత్రి పదవి ఉండదు. తెల్లకాగితం మీద మన నియోజకవర్గానికి ఒక్క సభ్యుణ్ణి ఎన్నుకుంటాం. అలాంటి 543 మందిలో సగానికి మించిన మద్దతు ఎవరికి ఉందో వాళ్ళు ప్రధానమంత్రి అవుతారు. దీన్ని వివరించడానికి మా బరంపురం కంటే మంచి ఉదాహరణ దేశంలో ఇంకొకటి ఉండదని నా అభిప్రాయం. 1996లో ప్రధానమంత్రిగా ఉన్న పి.వి. నరసింహారావు గారు నంద్యాలతోపాటు బరంపురంలో కూడా పోటీ చేశారు. రెండు చోట్లా గెలిచి, నంద్యాలను వదులుకొని బరంపురాన్ని ఉంచుకున్నారు. అంటే బరంపురం వాళ్ళు పదవిలో ఉన్న ప్రధానమంత్రినే తమ ఎంపీగా ఎన్నుకున్నారు. అయినా ఆయన మళ్ళీ ప్రధానమంత్రి కాలేదు. దేశమంతటా ఆయన పార్టీకి 140 స్థానాలే వచ్చాయి. వాజపేయి గారు పదమూడు రోజులు పాలించిన తరువాత, జూన్ 1న ప్రమాణస్వీకారం చేసిన దేవెగౌడ గారు అప్పటికి పార్లమెంటులో ఏ సభలోనూ సభ్యులు కారు. ఆరు నెలల్లోగా ఏదో ఒక సభకు ఎన్నిక కావచ్చునన్న రాజ్యాంగ నియమం ప్రకారం తరువాత రాజ్యసభకు వచ్చారు. బరంపురం గెలిపించిన ప్రధానమంత్రి పదవి నుంచి దిగిపోవడం, ఎవరూ లోక్‌సభకు ఎన్నుకోని మనిషి ప్రధానమంత్రి కావడం ఒకే నెల తేడాలో చూశాం.

ఆ ఎన్నిక నుంచి ఇంకొక ప్రశ్న పుడుతుంది, అదే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. తెలంగాణలో పుట్టిన నరసింహారావు గారు ఒడిశాలో ఎలా పోటీ చేయగలిగారు? లోక్‌సభకు పోటీ చేయాలంటే దేశంలో ఏదో ఒక లోక్‌సభ నియోజకవర్గంలో ఓటరై ఉంటే చాలు. శాసనసభకైతే ఆ రాష్ట్రంలోనే ఓటరై ఉండాలి. రాజ్యసభకు 2003 దాకా ఆ రాష్ట్రపు ఓటరే కావాలన్న నియమం ఉండేది, దాన్ని తీసేశారు. సుప్రీంకోర్టు 2006లో ఆ మార్పును సమర్థించింది. మా సరిహద్దులో అభ్యర్థులు గీత దాటడం మొదటి ఎన్నిక నుంచే ఉంది. బరంపురంలో 1894లో పుట్టిన వి.వి. గిరి గారు 1952లో మాకు కూతవేటు దూరంలో ఉన్న పాతపట్నం స్థానం నుంచి లోక్‌సభకు గెలిచి కేంద్రంలో కార్మిక మంత్రి అయ్యారు. అభ్యర్థికి ఇంత స్వేచ్ఛ ఇచ్చిన చట్టం ఓటరుకు మాత్రం ఆ స్వేచ్ఛ ఇవ్వలేదు. ఇది అన్యాయమని మా వీధిలో కొందరు అంటారు. నాకు అలా తోచదు. అభ్యర్థి ఎక్కడివాడైనా సరే, ఆ స్థలంలో బతుకుతున్నవాళ్ళు అతణ్ణి ఒప్పుకుంటేనే గెలుస్తాడు. ఒప్పుకునేవాళ్ళు కూడా ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఓటు వేసి వెళ్ళిపోతే, ఆ స్థలం తరఫున మాట్లాడేందుకు ఎవరు మిగులుతారు?

గిరి గారి పేరు వచ్చింది కాబట్టి రిజర్వుడు స్థానాల గురించి తరచుగా అడిగే ప్రశ్నకు కూడా ఇక్కడే జవాబు చెబుతాను. కొరాపుట్ స్థానం షెడ్యూల్డు తెగలకు రిజర్వయింది కదా, రాయగడలో, గుణుపురంలో ఉన్న మన తెలుగువాళ్ళకు అక్కడ ఓటు ఉంటుందా అని అడుగుతారు. తప్పకుండా ఉంటుంది. రిజర్వేషన్ అభ్యర్థికే గానీ ఓటరుకు కాదు. జాబితా అందరికీ ఒకటే అని రాజ్యాంగంలోని 325వ అధికరణం చెబుతుంది. మొదటి రెండు ఎన్నికల్లో ఒకే నియోజకవర్గం నుంచి ఇద్దరు సభ్యులు, ఒకరు జనరల్, ఒకరు రిజర్వుడు, ఎన్నికయ్యే పద్ధతి కొన్ని చోట్ల ఉండేది. 1957లో పార్వతీపురం అలాంటిదే. అక్కడ ఎక్కువ ఓట్లు వచ్చిన ఇద్దరూ గిరిజన అభ్యర్థులే కావడంతో, మూడో స్థానంలో నిలిచిన గిరి గారు ఓడిపోయారు. జనరల్ స్థానం గిరిజన అభ్యర్థికి దక్కకూడదని ఆయన చేసిన వాదనను 1959లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. 1961లో ద్విసభ్య నియోజకవర్గాలనే రద్దు చేశారు. ఆ తీర్పు సరైనదని నేను నమ్ముతాను. జనరల్ స్థానమంటే అందరిదీ.

"ఒక్క ఓటుతో ఏటవుతాది?" అన్నది అరుగు మీద ఎప్పుడూ వినిపించే ఇంకొక మాట. మన ఓటు సంగతి తరువాత చూద్దాం, మనం ఎన్నుకున్న సభ్యుడి ఓటు విలువ కొరాపుట్ వాళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం లోక్‌సభలో విశ్వాసం కోరింది. అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270 ఓట్లు పడ్డాయి. ఆ 270 మందిలో కొరాపుట్ ఎంపీ గిరిధర్ గమాంగ్ ఒకరు. ఆయన అప్పటికి రెండు నెలలుగా ఒడిశా ముఖ్యమంత్రి. కానీ ఇంకా శాసనసభకు ఎన్నిక కాలేదు, లోక్‌సభ సభ్యత్వానికి రాజీనామా చేయలేదు. రాష్ట్రంలో ముఖ్యమంత్రిగా ఉన్న మనిషి ఇక్కడ ఓటు వేయవచ్చా అని సభలో పెద్ద వివాదం జరిగింది. స్పీకరుగా ఉన్న జి.ఎం.సి. బాలయోగి గారు, కోనసీమ నుంచి వెళ్ళిన తెలుగాయన, ఆ నిర్ణయాన్ని గమాంగ్ గారి అంతరాత్మకే వదిలేశారు. ఆయన ఓటు వేశారు, ప్రభుత్వం పడిపోయింది. ఆయన ఓటు వేయకపోయి ఉంటే లెక్క 269కి 269 అయ్యేది. సమానమైనప్పుడు మాత్రమే స్పీకరు తన ఓటు వేయాలని 100వ అధికరణం చెబుతుంది కాబట్టి, ఆ రోజు దేశ ప్రభుత్వం ఉండాలో పోవాలో బాలయోగి గారు తేల్చవలసి వచ్చేది.

ముఖ్యమంత్రి అయిన మనిషి ఎంపీగా ఓటు వేయడం సబబా అంటే, చట్టప్రకారం సబబే, సంప్రదాయం ప్రకారం కాదని నా అభిప్రాయం. కానీ ఆ వాదన కంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఆ సభ్యుణ్ణి అక్కడికి పంపింది రాయగడ, గుణుపురం, పొట్టంగి ప్రాంతాల ఓటర్లు. 1998 ఎన్నికలో ఆ జాబితాలో పేరు ఉండి వరుసలో నిలబడినవాళ్ళకు ఆ ఓటులో వాటా ఉంది. అదే ప్రాంతంలో ఇల్లు కట్టుకొని, ఓటు మాత్రం విజయనగరం వైపు పల్లెలో పెట్టుకున్నవాళ్ళకు లేదు.

ఇప్పుడు ఎదుటివాళ్ళ మాట. భూమి పోతుందన్న భయం అన్నిటికంటే బలమైనది, అన్నిటికంటే ఆధారం లేనిది. భూమికి హక్కు రిజిస్ట్రేషను దస్తావేజులోనూ పట్టాదారు పాసుపుస్తకంలోనూ ఉంటుంది గానీ ఓటరు జాబితాలో ఉండదు. ఓటు మార్చుకున్నందువల్ల ఒక్క సెంటు కూడా ఎవరిదీ పోదు. పింఛను, రేషను సంగతి వేరు. అవతలి ఊళ్ళో నివాసం చూపించి పింఛను తీసుకుంటున్న ముసలివాళ్ళు, ఓటు తీసేస్తే పింఛను కూడా తీసేస్తారని వణికిపోతారు. వాళ్ళ మీద నేను ఏనాడూ ఒత్తిడి తేలేదు. డెబ్బయ్యేళ్ళ మనిషి మందులకు ఆధారమైన డబ్బు ముందు నా వాదన చిన్నది. నేను అడిగేది నలభై ఏళ్ళ లోపు వాళ్ళను, ఇక్కడి కొట్లలో, ఆసుపత్రుల్లో, బళ్ళలో పని చేస్తూ ఇక్కడే పిల్లలను పెంచుతున్నవాళ్ళను.

మా చుట్టాలు, పెళ్ళిళ్ళు, పెద్దాసుపత్రికి వెళ్తే విశాఖపట్నం, అన్నీ అటువైపే కదా, మా మనసు ఎక్కడుంటే ఓటు అక్కడ ఉండకూడదా అని చదువుకున్నవాళ్ళు అడుగుతారు. ఈ ప్రశ్నలోని బాధ నాకు తెలుసు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి మా ఊరు అందులో కలిసినప్పుడు, ఇక్కడ ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారంతటివారు ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. మా తాతల తరం ఆ గీతను ఒప్పుకోలేకపోయింది. కానీ ఆ గీత పడి తొంభై ఏళ్ళు కావస్తోంది. దాన్ని మార్చే అధికారం రాజ్యాంగంలోని 3వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది గానీ, అయిదేళ్ళకొకసారి బస్సెక్కి వెళ్ళి వేసే ఓటుకు ఇవ్వలేదు. పైగా ఒక విచిత్రం చూడండి. ఒడిశాకు లోక్‌సభలో 21 స్థానాలు. 1971 జనగణనలో ఈ రాష్ట్రంలో ఎంతమంది ఉన్నారో చూసి ఇచ్చిన సంఖ్య అది. నియోజకవర్గాల ఇప్పటి హద్దులను 2001 జనగణన చూసి గీశారు. ఆ లెక్కల్లో మన కుటుంబాలన్నీ ఇక్కడి మనుషులుగానే ఉన్నాయి, ఎందుకంటే జనగణన ఉద్యోగి వచ్చినప్పుడు మనం ఈ ఇంట్లోనే ఉన్నాం. మనలను లెక్కపెట్టి ఇచ్చిన స్థానానికి సభ్యుణ్ణి ఎన్నుకునే రోజున మాత్రం మనం ఊళ్ళో ఉండం.

సరే, ఎంపీ ఓటు వేసినవాళ్ళకే కాదు, నియోజకవర్గంలో అందరికీ ప్రతినిధి కదా అంటే, నిజమే. చట్టం దృష్టిలో అంతే. కానీ పోటీ చేసేవాళ్ళ చేతిలో పోలింగు కేంద్రం వారీ ఓటరు జాబితా ఉంటుంది. అందులో ఏ కుటుంబాలు ఉన్నాయో, ఏ భాష మాట్లాడేవాళ్ళు ఎందరో వాళ్ళ మనుషులకు నాకంటే బాగా తెలుసు. జాబితాలో లేని కుటుంబం గడపకు రారు. గడపకు రానివాడు గోడు వినడు.

ఆ గోడు ఎలాంటిదో ఒక్క రైలు దారి చూస్తే తెలుస్తుంది. నౌపడా నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా మా పర్లాకిమిడికి వచ్చి, కాశీనగరం దాటి గుణుపురం వెళ్ళే లైను మాది. పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు 1900లో మొదలైంది. 2004లో దాన్ని ఆపి బ్రాడ్‌గేజిగా మార్చారు. ఇంత చిన్న దారి మూడు లోక్‌సభ నియోజకవర్గాల్లో నడుస్తుంది. నౌపడా, పాతపట్నం శ్రీకాకుళం కిందికి వస్తాయి. పర్లాకిమిడి, కాశీనగరం బరంపురం కిందికి. గుణుపురం కొరాపుట్ కిందికి. రైల్వే కేంద్రప్రభుత్వ విషయం కాబట్టి బండి వేళ మార్చాలన్నా, ప్లాట్‌ఫారం మీద కప్పు వేయాలన్నా, ఇంకొక బండి కావాలన్నా ఎమ్మెల్యే చేతిలో ఉండదు. ఎంపీ అడగాలి. లోక్‌సభలో రోజు మొదటి గంట ప్రశ్నలది. నక్షత్రం గుర్తున్నవి 20 ప్రశ్నలకు మంత్రులు నోటిమాటగా జవాబు చెప్పాలి, 230 ప్రశ్నలకు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ రాతపూర్వక జవాబు ఒకసారి వస్తే మంత్రిత్వశాఖ తప్పించుకోలేదు. అందుకే ప్రశ్న చిన్నదైనా నేను దాన్ని పెద్ద పనిగా చూస్తాను. దానితోపాటు సభ్యుడికి ఏడాదికి 5 కోట్ల రూపాయల స్థానికాభివృద్ధి నిధి ఉంటుంది. నరసింహారావు గారి ప్రభుత్వమే 1993 డిసెంబరులో దాన్ని ప్రవేశపెట్టింది. మా బరంపురం నియోజకవర్గంలో ఛత్రపురం, గోపాలపురం, బరంపురం, దిగపహండి, చికిటి, మోహన, పర్లాకిమిడి అని ఏడు శాసనసభ స్థానాలు ఉన్నాయి. సమానంగా పంచితే ఒక్కొక్క దానికి ఏడాదికి 71 లక్షలు. బడి గదికి, మంచినీటి ట్యాంకుకు సరిపోయే డబ్బు అది, ఎక్కడ ఖర్చు చేయాలో సూచించేది ఎంపీ.

బడి మాట వచ్చింది కాబట్టి నా మనసులోది చెప్పుకోవాలి. నేను పని చేసిన బడిలో తెలుగు తరగతి నేను చేరిననాడు నలభై ముగ్గురు పిల్లలతో ఉండేది. నేను దిగిపోయిన ఏడాది ఆరుగురు మిగిలారు. తెలుగు పంతులమ్మ ఖాళీ ఆ తరువాత నింపలేదు. ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు. కానీ రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని అది కోరుతుంది. 350బి ప్రకారం ఒక ప్రత్యేక అధికారి ఈ విషయాలన్నీ విచారించి రాష్ట్రపతికి నివేదిక ఇవ్వాలి, రాష్ట్రపతి దాన్ని పార్లమెంటు రెండు సభల ముందూ పెట్టించాలి. ఈ రెండు అధికరణాలూ 1956లో ఏడో సవరణతో వచ్చాయి. అంటే పర్లాకిమిడిలో తెలుగు తరగతి మూతపడటం గురించి అడగడానికి తగిన చోటు ఢిల్లీలో సిద్ధంగా ఉంది. అక్కడ లేచి అడగవలసింది శ్రీకాకుళం ఎంపీ కాదు, ఆయనకు ఒడిశా బళ్ళతో సంబంధం లేదు. బరంపురం ఎంపీ అడగాలి. తన నియోజకవర్గంలో తెలుగు ఓటర్లు ఉన్నారని ఆయనకు తెలిస్తేనే అడుగుతారు. ఫిర్యాదు తెలుగులో రాయవచ్చా అని సందేహపడేవాళ్ళకు 350వ అధికరణం గుర్తుచేస్తున్నాను. కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా అర్జీ పెట్టుకునే హక్కు అందరికీ ఉంది.

నమోదు చేసుకోవడంలో మనకు ఎదురయ్యే చిక్కు భాషదే, దాన్ని తక్కువ చేయను. వరలక్ష్మి అనే పేరును ఒడియాలో రాస్తే చదివేవాళ్ళు బొరొలొఖ్మి అంటారు. ఇంటిపేరు ముందు రాసే మన అలవాటు వల్ల ఇంటిపేరే అసలు పేరుగా ఎక్కుతుంది. ఆధార్‌లో ఒక రకంగా, ఓటరు కార్డులో ఇంకొక రకంగా పేరు ఉండి, ఒక కార్యాలయంలో నాలుగుసార్లు తిప్పి పంపితే విసిగిపోయి మానేసిన ఆడవాళ్ళు నాకు తెలుసు. కొత్తగా చేరడానికి ఫారం 6, మార్చుకోవడానికీ తప్పులు దిద్దించుకోవడానికీ ఫారం 8. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీల్లో ఏ ఒక్కదానికి పద్దెనిమిదేళ్ళు నిండినా చేరవచ్చు. మా బూత్ అధికారి, అంగన్‌వాడీలో పని చేసే ఒడియా అమ్మాయి, ఇప్పుడు తెలుగు పేర్లు వస్తే ముందు నన్ను పలికించి విని, తరువాత రాసుకుంటుంది.

రెండు వైపులా ఓటుండటం లాభమే కదా అనుకునేవాళ్ళు పొట్టంగి దగ్గర కొఠియా గ్రామాలను చూడాలి. ఒడిశాలోని కొరాపుట్ జిల్లా, ఆంధ్రలోని సాలూరు మండలం రెండూ తమవే అనే ఊళ్ళు అవి. అక్కడి కొండ ప్రజలకు రెండు రాష్ట్రాల కార్డులు ఉన్నాయి. ఒడిశా 1968లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2006లో కోర్టు తేల్చకుండానే ఆ దావా ముగిసింది, యథాస్థితి మిగిలింది. వాళ్ళ తప్పు ఏమీ లేకుండా రెండు ప్రభుత్వాలు వాళ్ళ చేతిలో రెండు కార్డులు పెట్టాయి. 2024 మే 13న అరకు స్థానానికీ కొరాపుట్ స్థానానికీ ఒకే రోజు పోలింగు జరిగింది, వాళ్ళు ఏ కొండ దిగాలో ఎంచుకోవలసి వచ్చింది. వాళ్ళకు తప్పనిసరైన అవస్థను మనం కోరి తెచ్చుకుంటున్నాం.

పోయిన శీతాకాలంలో మా వీధివాళ్ళం కూర్చొని, పొద్దున్న బండి వేళ మార్చాలని ఎంపీలకు ఉత్తరాలు రాశాం. కాలేజీ పిల్లలకు ఆ వేళ కుదరడం లేదు. మూడు నియోజకవర్గాల బండి కాబట్టి మూడు ఉత్తరాలు. శ్రీకాకుళానికి తెలుగులో, మిగతా రెండింటికీ ఒడియాలో నేనే రాశాను. సంతకం పక్కన ఓటరు కార్డు నంబరు వేస్తే బాగుంటుందని ఎవరో అన్నారు, అందరూ ఒప్పుకొని ఇళ్ళకు వెళ్ళి కార్డులు తెచ్చుకున్నారు. బరంపురం వెళ్ళే ఉత్తరం కింద నలభై ఒక్క మంది సంతకం చేశారు. ఆ నియోజకవర్గపు కార్డు నంబరు వేయగలిగినవాళ్ళం పదకొండు మందిమి. మిగిలిన ముప్పై మందిలో ఆరుగురు ఆ రాత్రే ఫారం 8 అడిగి తీసుకువెళ్ళారు, నాలుగు ఇప్పటికి నింపాను.